బ్రేకు తీసిన మందు

బస్సుల షెడ్డులో బ్రేకులు బాగుచేసే ఆ మెకానిక్కును అందరూ ఆరా అక్క అంటారు. ఏ బస్సు కీచుమన్నా దాని పుట్టుపూర్వోత్తరాలు తేలేదాకా ఆవిడకు ముద్ద దిగదు. అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ లేచింది, అదీ చూస్తుండగానే పెరిగిపోయే మొండిరకం క్యాన్సర్. ముందు మందులతో కరిగించి, తర్వాత ఆపరేషన్ చేద్దామన్నారు. ఏడవాల్సింది పోయి ఆవిడ డాక్టరమ్మకు ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు.

"కీమో గడ్డను చంపుతుంది, సరే. మరి ఈ రెండో మందు దేనికి?"

"ఒంట్లో రోగంతో పోరాడే కణాలుంటాయమ్మా. క్యాన్సర్ వాటికి బ్రేకు వేసి కూర్చోబెడుతుంది. ఈ ఇమ్యూనోథెరపీ ఆ బ్రేకు తీసేస్తుంది."

"బ్రేకు తీసేస్తే బండి ఎవర్నయినా గుద్దదూ?"

డాక్టరమ్మ నవ్వేసింది. "గుద్దొచ్చు. పేగుల్ని, ఊపిరితిత్తుల్ని, దేన్నయినా. అందుకే ఏ తేడా వచ్చినా వెంటనే ఫోన్ చెయ్యండి."

రెండు మందులూ మొదలెట్టాక గడ్డ చిన్నదవుతున్నట్టు చేతికే తెలుస్తోంది. అంతలో విరేచనాలు పట్టుకున్నాయి. ఆరా అక్క ఫోన్ చేస్తే ఒట్టు. లోపం ఎక్కడుందో తనకు తేలకుండా పైవాళ్ల దగ్గర నోరు విప్పడం షెడ్డులో ఆవిడకు అలవాటు లేదు. ఒక్కో భాగం మార్చి చూస్తుంది. ఇంట్లోనూ అదే తంతు. ఒకరోజు పాలు మానేసింది, మర్నాడు పప్పు, ఆ తర్వాత పళ్లు. కూతురు అడిగితే, "ఏం లేదే, చూస్తున్నా" అని దాటేసింది. చివరికి బాత్రూం గుమ్మంలో కళ్లు తిరిగి పడిపోతే కూతురే ఆసుపత్రికి లాక్కెళ్లింది.

"పేగులు బాగా దెబ్బతిన్నాయి. ఇక ఆ మందు ఇవ్వలేం," అంది డాక్టరమ్మ. "మొదట్లోనే చెప్పుంటే కొన్నాళ్లు ఆపి మళ్లీ ఇచ్చేవాళ్లమేమో."

ఆరా అక్కను ఒకటే ఆలోచన తొలిచేసింది. గడ్డను కరిగిస్తున్నది ఆ మందేనేమో, చేతులారా పోగొట్టుకున్నానేమో. స్టెరాయిడ్లతో పేగులు సర్దుకున్నాయి, కీమో ఒక్కటే సాగింది, ఆపరేషనూ అయింది. తీసిన ముక్కను పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు. అది చూసే కూతురికి ఎక్కువ భయం వేసింది.

"క్యాన్సర్ కణం ఒక్కటి కూడా కనిపించలేదమ్మా," అంది డాక్టరమ్మ.

"ఏ మందు పనిచేసిందంటారు?"

"రెండూ కలిపి ఇచ్చాం. మీ ఒంట్లో ఏది ఎంత చేసిందో చెప్పలేను."

ఆరా అక్క ఇంకేదో అడగబోయింది. కూతురు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నువ్వు విరేచనాలతో అవస్థపడిన అన్ని రోజులూ నేను పక్క గదిలోనే ఉన్నానమ్మా. నాక్కూడా చెప్పలేదు నువ్వు."

ఆరా అక్క ఆ ప్రశ్న వదిలేసింది. డాక్టరమ్మ ముందే, కూతురి భుజం మీద తల వాల్చి బావురుమంది.