చేతులు కలిపించిన మేష్టారు

మా ఇంగ్లీషు మేష్టారు పోయారు. మొన్న ఆదివారం పొద్దున, నాతో పదో తరగతి చదివిన స్నేహితురాలు ఫోన్ చేసింది. "మేష్టారు ఇక లేరే. సాయంత్రం సమాధుల తోటకి తీసుకెళ్తారంట" అంది. మండపేట బస్సెక్కి కూర్చున్నా నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. పోయినవారిని తలుచుకుంటూ కోపం గురించి రాయకూడదేమో. నాకు మాత్రం ఇంకా తగ్గలేదు.

ఆ ప్రైవేటు బడిలో ఆయన వ్యాకరణం చెప్పే తీరే వేరు. రెండు మూడు మాటలు కలిసి ఒకే విశేషణం అయ్యే పాఠం వచ్చినరోజు బోర్డు ముట్టుకోలేదు. మమ్మల్నే మాటలు చేశారు. ఒకమ్మాయి 'ఫైవ్', నేను 'ఇయర్', ఇంకొకమ్మాయి 'ఓల్డ్'. మరో అమ్మాయి 'గర్ల్'. ఫోన్ చేసిన ఈ స్నేహితురాలు 'ఎస్' అన్న అక్షరం. 'ఫైవ్-ఇయర్-ఓల్డ్ గర్ల్' అని మేం ముగ్గురం 'గర్ల్'కి ముందు నిలబడితే చేతులు పట్టుకోవాలి, ఎస్ గుమ్మం బయటికి పోవాలి. 'ద గర్ల్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్' అని 'గర్ల్' ముందుకెళ్ళి మేం వెనకబడితే చేతులు వదిలెయ్యాలి, ఎస్ పరుగెత్తుకొచ్చి నా పక్కన నిలబడాలి. "గట్టిగా పట్టుకోండమ్మా, ముగ్గురూ ఒక్క మాట అయిపోవాలి" అనేవారు. ముందు పీరియడులో చేతికంటిన సుద్దపొడి పంచెకి తుడుచుకుంటూ, మా తప్పులకి మాకంటే ముందు ఆయనే నవ్వేవారు. ఆ పాఠం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

'ఫైవ్' రైసు మిల్లు యజమాని కూతురు. మా నాన్న ఆ మిల్లులోనే బస్తాలు మోసేవాడు. మేం ఊరి చివర పేట వాళ్ళం. మా చేతి మంచినీళ్ళు కూడా తాగని ఇల్లు వాళ్ళది.

మర్నాడు ఆ యజమాని బడికొచ్చాడు. "గ్రామరు చెప్పమన్నాం గానీ, చేతులు కలపమన్నామా అండి?" అని వరండాలోనే నిలదీశాడు. బడి నడిపే కరస్పాండెంటు గారు పక్కనే నిలబడి, "బోర్డు మీద మాటల మధ్య చిన్న గీత గీస్తే సరిపోతుంది కదండీ మేష్టారూ" అన్నారు.

"గీత గీస్తే పరీక్ష దాకా గుర్తుంటుందండి. వీళ్ళకి అంతకంటే ఎక్కువ రోజులు గుర్తుండాలి" అన్నారు మేష్టారు, నెమ్మదిగానే. ఆ రోజు మళ్ళీ మా చేతులు కలిపించారు.

ఆ వారంలోనే పదో తరగతి ఆయన చేతిలోంచి తీసేశారు. గైడు చూసి బట్టీ పట్టించే కొత్తాయన వచ్చారు. మేష్టారికి ఫీజు రసీదులు రాసే పని ఇచ్చారు. రిటైరయ్యేదాకా ఆయన చేత ఒక్క పాఠం చెప్పించలేదు. ఇంగ్లీషు పీరియడు గంట కొట్టగానే ఆఫీసు గదిలోంచి లేచి గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ వెళ్ళి కూర్చునేవారు. ఎందుకు తీసేశారని ఎవరూ అడగలేదు. వెళ్ళి అడగమని నేను ఏడిస్తే, "మన కూడు ఆయన మిల్లులో ఉందమ్మా" అన్నాడు నాన్న. నాన్నని ఏమనను? మిగతా మేష్టర్లకేమైంది? వాళ్ళెవరూ బస్తాలు మోయడం లేదే.

సమాధుల తోటకి ఊరంతా వచ్చింది. మిల్లు యజమాని పెద్ద పూలదండ తెచ్చాడు. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక కరస్పాండెంటు గారు ముందుకొచ్చి, "ఇలా పాఠం చెప్పే మేష్టారు మళ్ళీ దొరకరండి. మా బడికి తీరని లోటు" అని కళ్ళు తుడుచుకున్నారు.

పెట్టె దింపారు. మా దగ్గర ముందు ఇంటివాళ్ళు పిడికెడు మట్టి వేశాకే మిగతావాళ్ళు వేస్తారు. మేష్టారి భార్య వంగి మట్టి తీసుకున్నారు. వెయ్యలేదు. కరస్పాండెంటు గారి వైపు తిరిగారు.

"మరి ఆయన దగ్గర్నించి పదో తరగతి ఎందుకు తీసేశారండి?"

గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు. కరస్పాండెంటు గారు మిల్లు యజమాని వైపు చూశారు. ఆయన తల దించుకున్నాడు. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అని ఎవరో వెనకనుంచి సర్దిచెప్పబోయారు. ఆవిడ అటు చూడలేదు.

పారలు పట్టుకున్నవాళ్ళు ఆగారు. పాస్టరు గారు ఆగారు. ఆవిడ పిడికిలి విప్పకుండా, కరస్పాండెంటు గారి మొహంలోకే చూస్తూ అలాగే నిలబడ్డారు.