తెగులుకు కాపలా

మా అత్త ఆకును బొటనవేలితో రుద్ది వేలు చూసుకుంది. వేలు శుభ్రంగా ఉంది. ఇంకో ఆకు రుద్దింది. అదీ అంతే. ఆ వరస దాటి పక్క వరసకి వెళ్ళేసరికి ఆవిడ ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

మామూలు మనిషైతే సంతోషించాల్సిన విషయం అది. ఓట్స్ ఆకుకి తుప్పు తెగులు పడితే, రుద్దినప్పుడు వేలికి నారింజరంగు పొడి అంటుకుంటుంది. పొడి అంటలేదంటే తెగులు చచ్చిందని అర్థం. కానీ ఆ వరసల్లో తెగులు బతికి ఉండాలనే అత్త సీజనంతా గొడ్డుచాకిరీ చేసింది.

అత్త అంటే మా నాన్నకి అక్క. విత్తన పరిశోధన కేంద్రంలో ఓట్స్, శనగ పంటల్లో కొత్త రకాలు పుట్టించడం ఆవిడ ఉద్యోగం. పుట్టించడమంటే మంత్రం వేయడం కాదు. విచ్చుకోని పువ్వుని పట్టకారుతో తెరవాలి. లోపలున్న పుప్పొడి తిత్తులు చిట్లకుండా తీసేయాలి. కాగితం సంచి తొడగాలి. మర్నాడు వేరే మొక్క నుంచి పుప్పొడి తెచ్చి అద్దాలి. అద్దినవాటిలో సగానికి సగం రాలిపోతాయి. నిలిచిన గింజల్ని విత్తి, మంచి మొక్కల్ని ఉంచి, చెడ్డవాటిని పీకేసి, మళ్ళీ విత్తాలి. ఏళ్ళకేళ్ళు ఇదే వరస. పిల్లల్ని కనడం దీనికంటే సుఖం అంటుంది అత్త. ఇద్దర్ని కన్నది కాబట్టి ఆవిడ మాట కాదనలేం.

ఆవిడ పుట్టించిన శనగ అప్పటికే రైతుల చేతుల్లోకి వెళ్ళింది. ఆ శనగ కోసిన నేలలో ఓట్స్ వేస్తే ఎరువు ఖర్చు బాగా తగ్గుతుంది. మిగిలింది ఆ ఓట్సే. ఆవిడ రకం గింజలో జిగురు పీచు ఎక్కువ. రక్తంలో కొవ్వును దించుతుంది, షుగర్ ఒక్కసారిగా ఎగబాకనివ్వదు. అవన్నీ ల్యాబులో తేలిపోయాయి. తేలనిది ఒక్కటే. తుప్పుని తట్టుకుంటుందా లేదా? మందు కొట్టకుండా పండే ఓట్స్ అని చెప్పి రైతుకి ఇవ్వాలంటే ముందు అది రుజువు కావాలి.

రుజువు చేసే పద్ధతి విడ్డూరంగా ఉంటుంది. తుప్పు ఇట్టే పట్టే ఒక పాత రకాన్ని వరసలుగా వేసి, దానికి కావాలని తెగులు అంటిస్తారు. ఆ వరసల మధ్యలో పరీక్షకి పెట్టిన రకాన్ని వేస్తారు. జబ్బు మనుషుల మంచాల మధ్య కొత్త కాపురం పెట్టించినట్టు. చుట్టూ తెగులు భగభగమంటుంటే మధ్యలోది పచ్చగా నిలిస్తే పాసు. అందుకని రోగం వరసలకి ఆరోగ్యం వరసల కంటే ఎక్కువ సేవ జరుగుతుంది. ఆకులు తడిగా ఉంచాలి, ఎండ కొట్టకుండా చూడాలి, తెగులు మందు ట్యాంకు అటువైపు రానివ్వకూడదు. ఈ సేవలు చూసి కేంద్రంలో వాళ్ళు ఆవిడకి ‘తుప్పమ్మ’ అని పేరు పెట్టారు. ఎదురుగా మాత్రం మేడం అంటారు.

మర్నాడు మార్కులు వేసే బృందం వస్తోంది. ఆ ఏడే అత్త రిటైర్మెంటు. ఆవిడ వెళ్ళగానే ఓట్స్ పని ఆపేసి ఆ పొలాన్ని వేరే విభాగానికి ఇచ్చేస్తామని కేంద్రం పెద్ద సారు మీటింగులో అందరి ముందూ అనేశాడు. ఈసారి పాసైతే రకం బయటికి వెళుతుంది. లేకపోతే బీరువాలో ఒక సంచి.

“ఒరేయ్, ఎవర్రా ఇక్కడ మందు కొట్టింది?” అంది అత్త.

“నాకేం తెలుసు? నువ్వు మీటింగుకని ఊరెళ్ళిన దగ్గర్నుంచీ నన్ను ముందు కోసిన శనగ నూర్పిడికి తోలారు.”

“నీకేం తెలుస్తుందిలే. కాలేజీలో కూడా ఈ జవాబే రాసొచ్చావు.”

నేను చదువు మధ్యలో వదిలేసి అక్కడ కూలికి చేరినప్పటి నుంచీ ఈ దెప్పిపొడుపులు నాకు మామూలే. కానీ ఈసారి ఆ మాటలో నవ్వు లేదు. ఆవిడ కూర్చుని ఆకుల్ని ఒక్కొక్కటే తిరగేసింది. పాత పొక్కులు నల్లబడి ఎండిపోయాయి. కొత్తవి ఒక్కటీ లేవు. మధ్యలో ఆవిడ రకం నిగనిగలాడుతోంది. అది తన బలంతో పచ్చగా ఉందో, మందు పుణ్యాన పచ్చగా ఉందో ఇక దేవుడు దిగొచ్చినా చెప్పలేడు.

లేచి సామాన్ల షెడ్డులోకి వెళ్ళింది. వెనకే నేను. వీపుకి తగిలించుకునే స్ప్రేయర్ గోడకి తలకిందులుగా వేలాడుతోంది. తళతళ కడిగి, గొట్టం చుట్టగా చుట్టి, మూత విడిగా ఆరబెట్టి ఉంది. అత్త దాన్ని చూస్తూ నిలబడిపోయింది.

“ఈ కేంద్రంలో సామాను ఇంత శుభ్రంగా కడిగే మగాడు ఒక్కడూ లేడు,” అంది చివరికి.

ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు.

మా మామయ్య బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. పొద్దుపోక రోజూ క్యారియర్ పట్టుకుని కేంద్రానికి వచ్చేవాడు. గేటు దగ్గర అందరికీ చుట్టమే. మేం ఇంటికి వెళ్ళేసరికి వంటగదిలో గిన్నెలు తోమి బోర్లిస్తున్నాడు.

“ఏమండీ, పొలంలో మందు కొట్టారా?”

మామయ్య ముఖం వెలిగిపోయింది. “కనిపెట్టేశావా? నేనే చెబుదామనుకున్నా! రేపు పెద్దోళ్ళు వస్తారంటివి. నువ్వేమో ఊళ్ళో లేవు. వెళ్ళి చూస్తే ఏముంది, వరసలకి వరసలు తుక్కు కింద అమ్మేసిన బస్సుల్లా ఉన్నాయి. నీ పరువేం కావాలి? శనగ తెగులుకి కలిపిన మందు మిగిలుంటే మొత్తం తడిపేశా.”

“మధ్యలో నా రకం మీద కూడా?”

“దానికింకా తెగులు అంటలేదు, అంటకముందే ఇంకో రెండు చేతులు ఎక్కువే కొట్టా. మనది కదా!”

అత్త కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఇన్నేళ్ళు కాపురం చేశారు. నేనేం పని చేస్తానో ఒక్కసారైనా అడిగారా?”

“ఎందుకడగలేదు? అడిగా. తెగులు పట్టని ఓట్స్ చేస్తున్నానన్నావు. చూస్తే తెగులు పట్టింది. మందు కొట్టా. ఇందులో తప్పేముందే?”

అందులో తప్పు పట్టడం నా వల్ల కాలేదు. అత్త మాత్రం ఓపిగ్గా మొదట్నుంచీ చెప్పింది. రోగం వరసలంటే ఏంటో, అవెందుకో, వాటిని చంపితే ఏమవుతుందో. వింటున్నకొద్దీ మామయ్య చేతిలోని గిన్నె నెమ్మదిగా కిందికి దిగింది. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

“అయితే రేపు వాళ్ళొచ్చి చూస్తే... నీ రకం పాసేగా?”

వంటగది ఒక్కసారిగా ఇరుకైపోయింది. అత్త నా వైపు చూడలేదు, ఆయన వైపు చూడలేదు. లేచి వెళ్ళి చేతులు కడుక్కుంది. సబ్బు రుద్ది, మళ్ళీ రుద్ది, చాలాసేపు కడుక్కుంది. ఆవిడ ఏం చేయబోతోందో ఆ పూట నాకు అంతు పట్టలేదు. నిజం చెప్పాలంటే నేనైతే నోరు మూసుకునేవాణ్ణి.

మర్నాడు పొద్దున్నే జీపు వచ్చింది. మార్కులు వేసేది ఒక పొడుగాటి మనిషి. మెడలో భూతద్దం, చేతిలో అట్ట, దానికి కాగితాలు. పక్కన పెద్ద సారు, ఇస్త్రీ చొక్కాతో, ఫోటోలు తీసేవాణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడు. తన హయాంలో ఒక రకం బయటికి వెళ్ళడం ఆయనకీ కావాలి. గట్టు అవతల, ఎవరూ లోపలికి రాకుండా కట్టిన తాడు పట్టుకుని మామయ్య నిలబడ్డాడు. ఆ రోజు క్యారియర్ తేలేదు.

మార్కుల సారు రోగం వరసల ముందు వంగాడు. “పొక్కులు ముదిరినట్టున్నాయే. మేం కాస్త ఆలస్యంగా వచ్చామా?”

“దార్లో టిఫిన్ దగ్గర ఆగుంటారు,” అన్నాడు పెద్ద సారు. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

మార్కుల సారు మధ్య వరసల్లోకి వచ్చాడు. భూతద్దం పెట్టి ఆకు తిప్పాడు, ఇంకో ఆకు తిప్పాడు, మొదలు దాకా వంగి చూశాడు. “అబ్బో! మచ్చ లేదమ్మా. నా సర్వీసులో ఇంత శుభ్రమైన ఓట్స్ చూడలేదు.”

పెద్ద సారు చప్పట్లు కొట్టాడు. ఫోటోలవాడు అత్తని కొంచెం ఇటు జరగమన్నాడు. మార్కుల సారు జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. పెన్ను కాగితానికి ఆనింది.

“రాయకండి,” అంది అత్త.

“ఏంటమ్మా?”

“మందు పడింది. రోగం వరసల మీదా, దీని మీదా. ఈ పచ్చదనాన్ని నమ్మకండి.”

పెద్ద సారు గబగబా అందుకున్నాడు. “పడిందంటే, గాలికి పక్క శనగలోంచి నాలుగు తుంపర్లు వచ్చుంటాయి. మేడం ఏదైనా కొంచెం ఎక్కువ పట్టించుకుంటారు. మీరు రాయండి సార్.”

“తుంపర్లా, కొట్టారా?” అన్నాడు మార్కుల సారు.

“కొట్టారు.”

“ఎవరు?”

అత్త నేల చూసింది. “నా పొలం. జవాబుదారీ నాది.”

“ఎవరో తెలీదు, ఎప్పుడో తెలీదు,” పెద్ద సారు గొంతు పెరిగింది. “మేడం, ఇన్నేళ్ళ పని. మళ్ళీ ఏడు మీరుండరు. ఆలోచించుకునే మాట్లాడుతున్నారా?”

“నేనే సార్!” అని గట్టు అవతల నుంచి కేక. మామయ్య తాడు కింద నుంచి దూరి వస్తున్నాడు. చొక్కా తాడుకి చిక్కుకుంటే లాగి చింపుకున్నాడు. “నేనే కొట్టా. ఆవిడ ఊళ్ళో లేదు. ఆవిడకేం తెలీదు.”

“మీరెవరు?”

“ఆవిడ మొగుణ్ణి.”

ఫోటోలవాడు కిసుక్కున నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. మామయ్య చేతులు కట్టుకుని తలొంచుకున్నాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి ఒక్క కుక్కపిల్లని కూడా గుద్దని మనిషి అలా నిలబడితే నాకు చూడబుద్ధి కాలేదు.

మార్కుల సారు కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు. “పరీక్ష రద్దు.” పెద్ద సారు జీపు దగ్గరికి నడిచి వెళ్ళిపోయాడు. మార్కుల సారు మాత్రం కదల్లేదు. చికాగ్గా భూతద్దం తుడుచుకుంటూ అన్నాడు, “కుండీల్లో విత్తి, తెగులు అంటించి చూపించండి. మీరు రిటైరయ్యేలోపు అయితే నేనొచ్చి చూస్తా. అంతకంటే నేనేం చేయలేను.”

“తెగులు ఏదండీ? ఉన్నదంతా చచ్చింది కదా,” అంది అత్త.

“వెతుక్కోండి.”

వెతికాం. తెగులు కోసం ఊరంతా తిరిగిన కుటుంబం మాదొక్కటే అయ్యుంటుంది. కాలవ గట్ల మీద, రోడ్ల వార, తనంతట తాను మొలిచిన ఓట్స్ కోసం. ఎక్కడ చూసినా ఆరోగ్యమే. అత్తకి చిరాకు పెరిగిపోయింది. “పాడు లోకం, కావాలంటే రోగం కూడా దొరకదు,” అంది. చివరికి దారి చెప్పింది మామయ్యే. తన పాత రూట్లో ఒక గుర్రాల పాక ఉందట. దాణా కింద ఓట్సే వేస్తారు, ఒలికినవి గోడ పక్కన మొలుస్తాయి. వెళ్ళి చూస్తే గోడ నీడలో నిలువునా తుప్పు పట్టిన గుబురు. మామయ్య సంబరం చూడాలి. పాక కాపలావాడు మమ్మల్ని పిచ్చాళ్ళనుకున్నాడు. “ఆ జబ్బు గడ్డి ఏం చేసుకుంటారయ్యా?” అంటే, “పెంచుకుంటాం,” అన్నాడు మామయ్య.

వలషెడ్డులో కుండీలు పెట్టాం. పాత రకం కొన్నింటిలో, అత్త రకం మిగతావాటిలో. తెగులు పొడి నీళ్ళలో కలిపి ఆకుల మీద చల్లింది అత్త. తడి గోనెపట్టాలు కప్పాం. వాటిని తడుపుతూ ఉండే పని మామయ్యకి అప్పజెప్పింది. “ఈసారి ఇది చచ్చిందంటే నేను ఊరుకోను,” అని మరీ చెప్పింది. ఆయన షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. స్ప్రేయర్ భుజాన వేసుకుని ఎవడు అటు వచ్చినా లేచి అడ్డం నిలబడేవాడు.

పాత రకానికి ముందు పాలిపోయిన చుక్కలు వచ్చాయి, తర్వాత పొక్కులై పగిలాయి. తెగులు బతికిందన్నమాట. అత్త రకానికీ చుక్కలు వచ్చాయి. అత్త రోజూ కుండీల ముందు కూర్చునేది. చుక్క చుక్కగానే ఎండిపోతే గెలుపు. పగిలితే ఓటమి. పలకరిస్తే విసుక్కునేది. ఇంట్లో అన్నం పెట్టి కూర మర్చిపోయేది. మామయ్య అడక్కుండా వట్టి అన్నమే తినేవాడు.

పగిలాయి. అన్నీ కాదు. సగం కంటే తక్కువ కుండీల్లో పగిలాయి, మిగతావాటిలో చుక్కలు అక్కడికక్కడే ఎండిపోయాయి. పైకి అన్నీ ఒకే పోలికలో కనబడుతూ, తెగులు తట్టుకునే మొక్కలూ తట్టుకోనివీ ఇన్నేళ్ళూ కలిసే వచ్చాయి. మార్కుల సారు వచ్చి, చూసి, కాగితం మీద రాసి, అత్తకి దండం పెట్టి వెళ్ళాడు. రకం ఫెయిలు.

ఆయన జీపు గేటు దాటకముందే అత్త పగిలిన మొక్కల్ని వేళ్ళతో సహా పీకేయడం మొదలుపెట్టింది. నిలబడ్డ కుండీల విత్తనాన్ని శనగ విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, తన సొంత పనిలో కలిపి పెంచుకుంటానంది. ఇస్తానంది అత్త, ఇంకోసారి తెగులు అంటించి చూశాక. రిటైరైపోయినా ఇప్పుడు రోజూ ఆ షెడ్డుకే వెళ్తోంది. వెనక మామయ్య.

మొన్న నేను వెళ్ళేసరికి ఇద్దరూ గోనెపట్టాలు కప్పుతున్నారు. మామయ్య ఎన్నాళ్ళ నుంచో మనసులో పెట్టుకున్నట్టున్నాడు, ఆగి అడిగాడు.

“ఇదిగో, అప్పుడు నేను మందు కొట్టకపోయినా ఇది ఫెయిలయ్యేదే కదా?”

“అయ్యేది.”

“అయితే నా తప్పేం లేదన్నట్టేగా?”

అత్త ఆయన్ని ఎగాదిగా చూసింది.

“ముందు నీళ్ళు చల్లండి,” అంది. “ఆకులు ఆరిపోతున్నాయి.”