ఉప్పునేల గురించిన ఒక వాక్యం

పోయిన నెల ఎవరో మంత్రిగారు వస్తున్నారని యానాంలో గోదావరి గట్టు మీది పార్కును పోలీసులు తెల్లవారేసరికి మూసేశారు. అప్పుడే కోసిన గడ్డి వాసన, పోటు తీసిపోయాక గట్టు కింద బయటపడే బురద వాసన కలిసి వస్తుండగా, ఒకాయన కర్ర చివర పళ్లెంలాంటి చక్రం ఉన్న యంత్రాన్ని నేలకు జానెడు ఎత్తున అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తున్నాడు. అది కుయ్యిమన్నప్పుడల్లా ఆగి, బూటు కాలితో నేలను తట్టి చూసి, మళ్లీ కదులుతున్నాడు. గేటు బయట నిలబడ్డవాళ్లు బాంబుల గురించి మాట్లాడుకుంటున్నారు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఆ కూత నేను పదకొండేళ్ల వయసులో ఇదే పార్కులో విన్నాను. అది ఆనాడు అంత అడ్డదిడ్డంగా కూయడానికి కారణం నేనేనని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ పార్కు ఒకప్పుడు మా తోట. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. మా ముత్తాతగారు ఫ్రెంచి దొరల దగ్గర దుబాసీ. దొరల మాట ఊరికీ, ఊరి మాట దొరలకూ చెప్పడం ఆయన ఉద్యోగం. దొరలు వెళ్లిపోయాక ఆ ఉద్యోగంతో ఎవరికీ పని లేకపోయింది. తోట పోయింది, బియ్యపు కొట్లు పోయాయి, మేడ మీది అంతస్తు ఒక తుఫానులో కూలితే మళ్లీ లేవలేదు. రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్లలో, నాకు జ్ఞాపకాలు మొదలయ్యేసరికి, మాకు మిగిలినవి కింది మూడు గదులు, వేసవి వస్తే ఉప్పెక్కిపోయే నుయ్యి, వీధరుగు, ఆ అరుగు మీద తాతగారి పడక కుర్చీ. ఇంకొకటి కూడా మిగిలింది. మా వీధిలో ఫ్రెంచి చదివి అర్థం చెప్పగలిగినవాడు తాతగారు ఒక్కరే.

అందుకని రోజూ ఉదయం ఎనిమిది గంటలకు తాతగారు స్నానం చేసి, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, మెడ బొత్తాం దాకా పెట్టుకుని అరుగు మీదికి వచ్చి కూర్చునేవారు. ఫ్రాన్సు నుంచి పింఛను కాగితం వచ్చిన ముసలమ్మ, కొడుకు పంపిన మందు డబ్బా మీద ఏం రాసుందో తెలియని కనకాలపేట పెద్దాయన, పెళ్లి కాగితాలు పట్టుకుని దరియాలతిప్ప నుంచి ఆటోలో దిగిన మనుషులు, మడతలు విప్పుతూ మెట్లెక్కేవారు. ఆయన పైసా ముట్టుకునేవారు కాదు. ఎవరైనా పనసతొనలో, తాటిముంజలో, బుట్టెడు ఎండురొయ్యలో అరుగు చివర పెట్టి వెళ్లిపోతే చూడనట్టు ఉండేవారు. వాళ్లు వీధి మలుపు తిరిగాక అమ్మ వచ్చి తీసుకెళ్లేది. ఊరు మా ఇంటి మెట్లెక్కడానికి మిగిలిన ఒకే ఒక్క కారణం ఆ చదువు. అది మాకు ఎంత అవసరమో ఆ వయసుకే నాకు తెలుసు.

ఆయన కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఒక కంటికి ఆపరేషన్ చేయించినా చిన్న అక్షరాలు ఆనేవి కావు. అప్పటి నుంచి కుర్చీ పక్కన చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని చదివే పని నాది. నేను అక్షరాలు పలికితే ఆయన అర్థం చెప్పేవారు. వినీ వినీ కొంత నాకూ తెలిసేది. గోళీలాట మధ్యలో పిలిచినా, పాత స్పీకరు అయస్కాంతాన్ని దారానికి కట్టి ఇసుకలో ఈడుస్తూ నల్ల ఇసుకను గడ్డంలా పెంచుకునే ఆట మధ్యలో పిలిచినా పరుగెత్తుకుని వచ్చేవాణ్ణి. ఆ పీట మీద కూర్చున్నంతసేపు నేను దుబాసీ గారి మునిమనవణ్ణి. దిగగానే అతుకుల నిక్కరు పిల్లవాణ్ణి.

మా ఎదురిల్లు సత్తిబాబుది. అతని తండ్రి మా బియ్యపు కొట్లో కాటా దగ్గర బస్తాలు తూచేవాడు. దొరలు వెళ్లిపోతూ, ఫ్రెంచి పౌరులుగా ఉండదలచినవాళ్లు రాసివ్వండన్నప్పుడు ఆయన రాసిచ్చాడు. తాతగారు ఇవ్వలేదు. "పుట్టిన నేల మీద నేను పరాయివాణ్ణని సంతకం పెట్టనా" అన్నారట. ఆ సంతకంతో సత్తిబాబు అన్న ఫ్రాన్సు వెళ్లాడు, సత్తిబాబు ఇక్కడ రొయ్యల వ్యాపారంలో పైకొచ్చాడు. సంతకం పెట్టని మేము కిందికి వచ్చాం. వాళ్ల ఇంటికి రంగు పడితే ఆ వాసన మా ఇంట్లోకి వచ్చేది. పులసల కాలంలో వాళ్ల వంటింట్లో బెండకాయలూ ఆవకాయ నూనే వేసి పులుసు కాస్తే ఆ ఘుమఘుమకు నేను పుస్తకం మూసి మంచం మీద బోర్లా పడుకునేవాణ్ణి. సత్తిబాబు కూతురు మౌనిక నా తరగతే. ఆమెకు గేర్ల సైకిలు ఉండేది, వెండి కాగితం చుట్టిన చాక్లెట్లు ఉండేవి, లెక్కల్లో నాకంటే ఎప్పుడూ రెండు మార్కులు ఎక్కువ ఉండేవి. చాక్లెట్ ఇవ్వబోతే "మా ఇంట్లో తినరు" అనేవాణ్ణి. ఆమె మరోదానికి కాగితం విప్పుతుంటే ఆ చప్పుడు రాత్రిదాకా చెవుల్లో ఉండేది.

సత్తిబాబుకు పాత నాణేల పిచ్చి. బిస్కెట్ డబ్బా నిండా ఫ్రెంచి కాలపు రాగి దుడ్లు, వెండి ఫనాలు, పువ్వు గుర్తువీ కోడి గుర్తువీ పోగేశాడు. దొరల బంగళాలూ తోటలూ ఉన్నచోటే ఇప్పటి పార్కులు వచ్చాయి కనుక ఆ మట్టిలో ఇంకా బోలెడు ఉంటాయని అతని నమ్మకం. ఒక కార్తీకమాసపు ఉదయం, చేతిలో రంగుల కేటలాగుతో, వెనక మౌనికతో మా మెట్లెక్కాడు.

"బాబుగారండి, మా అన్నయ్య వేసంగికి వత్తన్నాడండి. నాణేలు కనిపెట్టే మిషను తెత్తానన్నాడు. రెండు రకాలంట. ఏది కావాలో సెప్పమని ఈ పుస్తకం పంపేడండి. తవరు సూసి ఏది మంచిదంటే అదేనండి."

తాతగారి ముఖం వెలిగింది. పింఛను కాగితాలు చదివీ చదివీ విసిగిన మనిషికి ఇలాంటి పని దొరకడం పండగ. రెండు బొమ్మలనూ కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు. మొదటిది పచ్చరంగుది, సన్నంగా, తేలిగ్గా, గడియారంలాంటి పలకలో ముల్లుతో ఉంది. రెండోది నల్లది, బరువైనది, చూడ్డానికి మోటు, రెండు మరలు ఉన్నాయి. నేను వరస వరసా చదివాను. చక్రం వెడల్పు, బరువు, ఎంత లోతున ఉన్న నాణేన్ని పసిగడుతుంది, ఎన్ని బ్యాటరీలు కావాలి.

"తాతగారండీ, మరి పార్కులో మేకులూ సోడా మూతలూ ఉంటాయి కదండీ? దానిక్కూడా కూత్తాదా?" అంది మౌనిక.

తాతగారు కుర్చీలో ముందుకు వంగారు. "భేష్. అడగవలసింది అడిగింది. చూడరా, ఇనుమును వదిలిపెట్టే ఏర్పాటు ఉందేమో."

మొదటి యంత్రానికి ఉంది. మర తిప్పితే ఇనుముకు పలకదు, వెండికీ రాగికీ పలుకుతుంది. ఆ సంగతి విన్నాక ఆయన మౌనికను పిలిచి పలకలోని ముల్లు ఎటు తిరిగితే ఏ లోహమో బొమ్మ మీద వేలు పెట్టి చూపించారు. నాకు ఎన్నడూ అలా చూపించలేదు. నేను చదివేవాణ్ణే కానీ అడిగేవాణ్ణి కాదు. ఎముకల్లో ఏదో కాలింది.

"ముందు గోదారొడ్డు పార్కులోనే ఎతుకుతామండి" అంది ఆమె.

"అది మా తోట" అన్నాను.

"మీ తోటయితే గేటుకి మీ పేరుండాలి కదా? నేను రోజూ సూత్తన్నాను, మున్సిపాలిటీ అనుంది."

సత్తిబాబు "ఏయ్" అని కసురుతూనే నవ్వేశాడు. తాతగారు కూడా నవ్వారు. భుజాలు కదిలేలా, కళ్లు తుడుచుకునేలా నవ్వారు. నాకు తెలిసి ఆయన అరుగు మీద అలా నవ్వడం అదే మొదలు. అది నా మాటకు కాదు, ఆమె మాటకు.

నవ్వు ఆపుకుని ఆయన అన్నారు, "అసలుది మరిచాం. మనది ఉప్పునేల. మా నుయ్యి చూడు. తడి గురించీ ఉప్పు గురించీ ఏమైనా రాశాడేమో చూడు నాన్నా."

రాశాడు. పచ్చ యంత్రం బొమ్మ కింద, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో, తడి ఇసుకలోనూ ఉప్పు నేలలోనూ ఇది పనికిరాదని, అలాంటి నేలకు రెండోది తీసుకోమని ఉంది. ఉప్పును ఫ్రెంచివాళ్లేమంటారో అన్నం ముందు కూర్చోబెట్టి నాకు నేర్పినవారు తాతగారే. ఆ మాట నాకు స్పష్టంగా కనిపించింది.

"ఏమీ లేదు తాతగారూ" అన్నాను.

"అయితే పచ్చదే" అన్నారాయన.

వేసవిలో యంత్రం వచ్చింది. సత్తిబాబు కొత్త చొక్కా వేసుకుని పార్కుకు బయలుదేరితే సగం వీధి వెంట నడిచింది. తోటమాలి అప్పుడే నీళ్లు పెట్టిన గడ్డి మీద చక్రం ఊపగానే అది కూసింది. తవ్వితే ఏమీ లేదు. అడుగు జరిగితే కూసింది. తవ్వితే ఏమీ లేదు. ఎత్తితే మానేసింది, దించితే మొదలుపెట్టింది, ముల్లు పిచ్చెక్కినట్టు ఊగింది. రెండు గంటలు గడిచేసరికి దొరికినవి ఒక తలపిన్ను, ఒక సోడా మూత. జనం గట్టు మీద కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటూ వినోదం చూశారు.

"ఒరే సత్తిబాబూ, యానాం కింద అంతా వెండేరా! ఊరు కాళీ సేయించు, తవ్వేద్దారి!"

"మిషనుది కాదెహె తప్పు. ఇది మంచిదని సెప్పింది ఆ అరుగు మీద పెద్దాయన. ఫ్రెంచి మర్సిపోయినట్టున్నాడు" అన్నాడు జనంలో ఇంకొకడు.

మొదటి మాటకు నేనూ నవ్వాను. చెమటతో ఎర్రబడ్డ మౌనిక ముఖం చూసి పొంగిపోతూ నవ్వాను. రెండో మాట వినగానే జనం వెనక్కి జరిగి ఇంటిదారి పట్టాను.

ఆ మాట మాకంటే ముందు ఊరంతా తిరిగింది. మర్నాడు అరుగుకు ఎవరూ రాలేదు. ఆ వారం ఒక్క ముసలమ్మ వచ్చి, కాగితం చదివించుకుని, దాన్నే తీసుకుని ఇంకెవరి దగ్గరికో వెళ్లిందని తెలిసింది. తాతగారు ఎప్పటిలాగే ఎనిమిదింటికి గంజి చొక్కా తొడుక్కుని, మెడ బొత్తాం పెట్టుకుని కూర్చునేవారు. వీధిలో చెప్పుల చప్పుడయితే నిటారయ్యేవారు. చప్పుడు దాటిపోతే కండువా సర్దుకునేవారు. పక్కన పీట మీద నేను కూర్చునేవాణ్ణి. చెప్పేద్దామని రోజూ అనుకునేవాణ్ణి. చెబితే పీట పోతుందని ఊరుకునేవాణ్ణి.

పన్నెండో రోజో పదమూడో రోజో, తాతగారు సత్తిబాబుకు కబురుపెట్టి ఆ కేటలాగు తెప్పించుకున్నారు. నన్ను పిలవలేదు. మిట్టమధ్యాహ్నం నూతి పక్క ఎండలో కుర్చీ వేయించుకుని, భూతద్దం పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ కూర్చున్నారు. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. నూతి నీడ ఆయన పాదాల మీదికి వచ్చే వేళకు భూతద్దం ఒకచోట ఆగింది. చాలాసేపు ఆగింది. తరవాత తలెత్తి తలుపు వైపు చూశారు. కొడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది.

లేచి, ముఖం కడుక్కుని, కండువా వేసుకుని వీధి దాటారు. మా ఇంటి మనిషి సత్తిబాబు ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. సత్తిబాబు కంగారుగా కుర్చీ తుడిచాడు.

"అయ్యయ్యో, తవరు రావడమేంటండి బాబుగారు, కబురెడితే నేనే వద్దును కదండి!"

తాతగారు కూర్చోకుండానే కేటలాగు తెరిచి చూపించారు. "ఇక్కడ ఒక వాక్యం ఉంది సత్తిబాబూ. ఉప్పునేలకు ఇది పనికిరాదని. పిల్లవాడు చదివినా చూసుకోవలసింది నేను, నా కళ్లకు ఆనలేదు. తప్పు నాది. ఊళ్లో అడిగినవాళ్లకు అలాగే చెప్పు."

"ఊరుకోండి బాబుగారండి, మిషనుదేముందండి…"

"ఇంకొక మాట. నాకు చదివిపెట్టే కళ్లు కావాలి. రేపటి నుంచి పొద్దున్నే మౌనికను పంపిస్తావా?"

నేను వాళ్ల గేటు పట్టుకుని నిలబడి ఉన్నాను. వెనక్కి వస్తూ ఆయన నన్ను దాటి వెళ్లారు. ఇంటి పిల్లవాడు అబద్ధమాడాడని ఊరికి తెలియడం కంటే తన కళ్లు పోయాయని ఊరు అనుకోవడం ఆయనకు నయం. ఆ లెక్క నాకు అప్పుడే అర్థమైంది, ఎందుకంటే నేనూ ఆ ఇంటివాణ్ణే.

మౌనిక వచ్చింది. మొదట తడబడింది, తరవాత నాకంటే బాగా చదివింది, ఎందుకంటే అర్థం కానిచోట ఆగి అడిగేది. నెమ్మదిగా జనం మళ్లీ మెట్లెక్కారు. చలికాలం వచ్చి, గట్టుకు దూరంగా ఎత్తుమీది నేల బాగా ఆరాక, కేటలాగు చూసి యంత్రం చురుకు ఎలా తగ్గించాలో ఆమెకు తాతగారే చెప్పారు. ఒక ఆదివారం పున్నాగ చెట్టు మొదట్లో నల్లబడ్డ రాగి దుడ్డు ఒకటి దొరికింది. చింతపండుతో తోమితే పువ్వు గుర్తు బయటపడింది. ఆమె దాన్ని తెచ్చి తాతగారి అరచేతిలో పెట్టింది. ఆయన వేలితో తడిమి, "నీకు దొరికింది, నీదే" అని తిరిగిచ్చేశారు. మా తోటదీ, మా కాలందీ. నేను గదిలో ఉండి, ఆయన అలా అనకూడదని ఎంతమంది దేవుళ్లకు మొక్కానో.

తాతగారు నన్ను ఎన్నడూ ఒక్కమాట అనలేదు. భోజనం దగ్గర పిలిచేవారు, పరీక్షల గురించి అడిగేవారు. చదివిపెట్టమని మాత్రం పోయేదాకా మళ్లీ అడగలేదు.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేయడంలో అరుగు పోయింది. పింఛను ముసలమ్మలు చాలామంది వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు మనవలు ఫోను చూపించి క్షణంలో అర్థం చెబుతున్నారు. మడతల కాగితం పట్టుకుని తెలియని ఇంటి మెట్లెక్కి, చదివేవాడి ముఖంలోకి చూస్తూ, మంచి కబురో చెడ్డ కబురో అని ఊపిరి బిగబట్టి నిలబడే మనుషులు ఊళ్లో లేరు. నాకు ఇక్కడే ఒక కార్యాలయంలో చిన్న ఉద్యోగం. నేర్చుకున్న ఫ్రెంచి ఎప్పుడో పోయింది, ఒకటి రెండు తిండి మాటలు తప్ప.

మౌనిక ఇక్కడి బడిలోనే ఫ్రెంచి పంతులమ్మ. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోతూ ఆ బడి ప్రహరీ పక్కన స్కూటరు ఆపుతాను. కిటికీలోంచి ఆమె పాఠం వినిపిస్తుంది. మాట మాటకూ గొంతు అడుగు నుంచి కొంచెం గరగరమనే ఆ 'ర', వాక్యం చివర పద్యపాదం ముగించినట్టు మెల్లగా దించడం, అచ్చంగా తాతగారివి. ఇంకెవరూ అలా పలకరు. మేము ఆయన గొంతును రికార్డు చేసుకోలేదు, నా గొంతులో ఆయన లేరు. నలభై మంది పిల్లలు ఆమె వెనక ఆ 'ర' అంటారు, మళ్లీ మళ్లీ అంటారు. గంట కొట్టేదాకా నిలబడి వింటాను. పిల్లలు బయటికి వచ్చేలోపు బండి తీస్తాను.