వరండా అంతటికీ తెలిసిన మూడు మాటలు

మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ లేస్తున్న రోజులవి. క్రేను ఇనుప దూలాన్ని ఎత్తుతుంటే చూద్దామని వాకిట్లోకి వెళ్లాను. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరిచాను. గిన్నె మాడింది. ఆ వారంలో అది రెండోసారి. ఆయన పోయాక నాకు మిగిలిన రాజ్యం ఆ గ్యాసు పొయ్యి ఒక్కటే. దాన్ని కోడలు లాగేసుకుంది.

"బడిల పెద్దోళ్లకు మతిమరుపు ఉందో లేదో చూస్తున్నరట. డాక్టరమ్మ బాగుందంటేనే పొయ్యి నీది అత్తమ్మా," అంది.

అక్షరం ముక్క రానిదాన్ని, పలక చేతికిస్తే ఏం గతి అని నా భయం. బడి వరండాలో ముసలివాళ్లం వరసగా కూర్చున్నాం. పక్కింటి వదిన పరీక్ష అయిపోయి బయటికి వస్తూనే నా చెవిలో ఊదింది.

"రాసుడేం లేదు. మూడు మాటలు చెప్పి, జరసేపటికి మళ్ల అడుగుతది. చీపురు, గొడుగు, మామిడికాయ. యాది పెట్టుకో!"

నేను వెనకామెకు చెప్పాను. ఆమె తన వెనకాయనకు. ఇంకేముంది, చీపురు గొడుగు మామిడికాయ అంటూ వరండా అంతా భజన మొదలైంది. ఒకాయన చిటికెలు కూడా వేశాడు. నవ్వలేక నా పక్కలు నొప్పి పుట్టాయి.

ఆ భజన లోపలికి వినబడదా మరి? డాక్టరమ్మ కోస్తా నుంచి వచ్చిన చిన్నపిల్ల. నన్ను కూర్చోబెట్టి, "కుండ, రైలు, జామపండు. గుర్తుంచుకోండమ్మా," అంది.

పొయ్యి పోయిందనుకున్నాను. ఏం వారమని అడిగింది, చెప్పాను. ఇది ఏ ఊరంది.

"నిన్నటిదాంక మాదాపూరే. ఇయ్యాల ఏం పేరు పెట్టిన్రో మీకే ఎరుక."

ఆమె పెదవి కొరుక్కుంది. "సరే, ఇందాకటి మాటలేవండీ?"

"చీపురు, గొడుగు, మామిడికాయ బయటియి. కుండ, రైలు, జామపండు నీయి. ఏవి గావాలె బిడ్డా?"

డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. తలుపు దగ్గరున్న కోడలు ఊరుకోలేదు.

"మరి పాలెట్ల మాడినయమ్మా?"

"క్రేను చూస్కుంట నిలవడ్డ," అన్నాను.

"నేనూ రోజూ నిలబడి చూస్తానండీ!" అంది డాక్టరమ్మ. "ప్రస్తుతానికి ఈమెకేం ఫరవాలేదు. కొన్నాళ్లాగి మళ్లీ ఒకసారి తీసుకురండి, చూద్దాం."

కోడలికీ నవ్వు ఆగలేదు. "ఇగ పొద్దుగాల చాయ్ నువ్వే పెట్టు."

"పొద్దుగాలదాంక ఎందుకే? నడు, ఇప్పుడే పెడ్త," అని ఆమెకన్నా ముందే చెప్పులు తొడుక్కున్నాను.