కౌంటరమ్మ పరిచిన గుడ్డ

లాండ్రీలో ఆమెను అందరూ కౌంటరమ్మ అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా కౌంటరు వెనక నిలబడి, వచ్చిన ప్రతి బట్టనీ వెలుతురుకి పెట్టి చూసి, మూల మీద చెరగని సిరాతో నంబరు వేసే మనిషి. "అది టీ మరకమ్మా" అని ఎవరైనా అంటే, "టీ అయితే అంచు ఇలా ఉండదు" అని మొహం మీదే అనేస్తుంది. చూసీ చూసీ మనుషుల్ని కూడా వెలుతురుకి పెట్టడం అలవాటైపోయింది. కన్నతల్లి మందు వేసుకున్నానన్నా సరే, డబ్బా తెరిచి చూస్తే గానీ నమ్మదు.

అంతటి మనిషి ఈ సెలవునాడు తనింట్లో తనే దొంగచూపులు చూస్తోంది.

ఏటా సంవత్సరం చివరి సెలవుకి లాండ్రీవాళ్లంతా ఎవరో ఒకరి ఇంట్లో చేరి మధ్యాహ్నం భోజనం చేస్తారు. ఈ ఏడు వంతు ఈమెది. చేతిలో ఉన్నదానికి తగ్గట్టే ఏర్పాట్లు చేసుకుంది. కోడి ఒక్కటే, కూర పదిమందికీ సరిపోవాలని పక్కన బంగాళాదుంపల వేపుడు ఇంకో గిన్నెడు. బట్టలు చుట్టే గులాబీరంగు కాగితం ముక్కలు పోగుచేసి పువ్వులు కత్తిరించి గోడకి అంటించింది. కుర్చీలు పక్కవాటావాళ్లవి. బల్ల లేదు గనక పాత తలుపుచెక్కని నాలుగు డబ్బాల మీద పెట్టింది. దాని మీద పరచడానికి ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తీస్తే ఒకటి చిరిగింది, ఒకటి వెలిసింది, మిగతావి చెప్పుకోకపోవడమే నయం. ఊళ్లోవాళ్ల మరకలకి వంకలు పెట్టే కౌంటరమ్మ ఇంట్లో వెలిసిన దుప్పటి చూస్తే ఊరుకుంటారా? ఏడాదంతా చెప్పుకుని నవ్వుతారు.

అందుకని నిన్న సాయంత్రం లాండ్రీ నుంచి సంచిలో పెట్టుకుని తెచ్చేసింది. డాక్టరుగారింటి తెల్లటి బల్లగుడ్డ. ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ అయి ఉంది. ఎల్లుండి గానీ వాళ్లు రారు. ఒక్కపూటే కదా అని మనసుకి చెప్పుకుంది.

మనసు వినలేదు. రెండేళ్ల కిందట ఇస్త్రీబల్ల దగ్గర పనిచేసే ఒకాయన కూడా ఈ మాటే అన్నాడు. కస్టమరు కోటు ఒక్కపూట తొడుక్కుని కొడుకు బడిలో వేడుకకి వెళ్లాడు. చూసింది ఈమె, ఓనరుకి చెప్పింది ఈమె. ఆ సాయంత్రమే ఆయన్ని పంపించేశారు. కస్టమరు గుడ్డ వాడుకుంటే ఆ రోజే ఇంటికి, అది లాండ్రీ కట్టుబాటు. ఇప్పుడు తన ఉద్యోగం పోతే తల్లి మందులెలా? ఈ వయసులో ఇంకెవరు కౌంటరు వెనక నిలబెట్టుకుంటారు?

నంబరున్న మూల మీద బంగాళాదుంపల గిన్నె పెట్టి, కదలకుండా ఒకసారి నొక్కి చూసింది.

అందరికంటే ముందు, ఇస్త్రీబల్ల దగ్గర పనిచేసే కుర్రాడు వచ్చాడు, అందరూ ఇస్త్రీ తమ్ముడనే పిలుస్తారు. ఆ కోటు తొడుక్కుని ఉద్యోగం పోగొట్టుకున్నాయన ఇతని అక్క మొగుడే. "ఇల్లు భలే సర్దావక్కా," అన్నాడు. భలే అని ఎందుకన్నాడు? ఎప్పుడూ అనడే! బల్ల పక్కనే ఎందుకు కూర్చున్నాడు? రెండేళ్లుగా పల్లెత్తు మాట అనలేదు గానీ, అననివాళ్లతోనే భయమని ఆమె లెక్క.

మిగతావాళ్లతో పాటు వచ్చిన ఓనరు పెద్ద సీసాతో ద్రాక్షరసం తెచ్చి జగ్గులో పోయించాడు. గుడ్డ అంచు వేళ్లతో తడిమి, "గంజి భలే పట్టిందే! మన చెయ్యి పడినట్టుంది," అన్నాడు. అందరూ నవ్వారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "పాతదేనండీ, పెట్టెలో ఉండిపోయింది," అంది కౌంటరమ్మ, ఎవరూ అడక్కుండానే.

"మన పెట్టెలోనా?" అంది తల్లి. "ఎప్పుడు కొన్నావే?"

"నువ్వు తినమ్మా."

"కొంటే నాకు చెప్పవూ?"

"తినమంటున్నానా!"

ఇస్త్రీ తమ్ముడు తలెత్తి చూశాడు. చూసి, బంగాళాదుంపల గిన్నె మీద చెయ్యి వేశాడు. "ఉండు, నేను వడ్డిస్తా!" అంటూ ఆమె ఒక్క ఉదుటున అటు వంగింది. మోచెయ్యి తగిలి జగ్గు బోర్లా పడింది. తెల్లటి గుడ్డ నడిమధ్య నుంచి ఊదారంగు పాకిపోయింది.

ఇంకో ఇంట్లో అయితే అయ్యో అనుకుని ఊరుకుందురు. ఇది లాండ్రీవాళ్ల గుంపు. కోడికూర నేల మీదకి దిగింది, ఒకరు ఉప్పు, ఒకరు బకెట్టు. "రుద్దకండి, అద్దండి!" "వేన్నీళ్లు కాదు, చన్నీళ్లు!" అని ఒకటే అరుపులు. కౌంటరమ్మ కూడా భయం మరిచిపోయి నిమ్మచెక్క పిండుతూ కూర్చుంది. మరక లొంగుతుంటే అందరి మొహాల్లోనూ సంతోషమే. నిజానికి ఆ రోజు విందులో బాగా జరిగింది అదొక్కటే.

పిండడానికని ఇస్త్రీ తమ్ముడు ఒక మూల పట్టుకున్నాడు. అతని చేతులు ఆగిపోయాయి. నంబరు చూశాడు, ఆమెను చూశాడు. మూల మడిచి పిడికిట్లో పెట్టుకున్నాడు.

ఎందుకు దాచాడు? రేపు అందరి ముందూ బయట పెట్టడానికా? ఆమె ఆలోచన తెమలకముందే వెనక నుంచి ఓనరు వంగాడు. "ఏదీ, నంబరుంది కదూ? ఇది డాక్టరుగారిదే!"



"నేనే తెచ్చానండీ," అంది కౌంటరమ్మ లేచి నిలబడి. "ఎవరికీ తెలీదు. తప్పు నాదే. రేపటి నుంచి రావద్దంటే రాను."

ఓనరు నవ్వేశాడు. "ఛఛ, అంత మాటెందుకమ్మా! ఇన్నేళ్ల మనిషివి. ఒక్కపూట పరుచుకున్నావు, ఉతికిస్తే సరి. పండగపూట ఇదేం గొడవ, వడ్డించు."

బతికిపోయాననుకుంది. చెయ్యి గరిటె మీదకి కూడా వెళ్లింది. అప్పుడు కనిపించాడు ఇస్త్రీ తమ్ముడు. ఇంకా నేల మీదే కూర్చుని, తడిగుడ్డ పట్టుకుని, ఓనరు వంక చూస్తున్నాడు. ఆ చూపు అర్థం కావడానికి ఆమెకి ఏ వెలుతురూ అక్కర్లేకపోయింది. సిగ్గుతో ఒళ్లు మండిపోయింది.

"ఒక్కపూటే అని ఆయన కూడా అన్నాడండీ," అంది.

"ఎవరు?" అన్నాడు ఓనరు. నిజంగానే గుర్తు లేదు.

"మా బావండీ," అన్నాడు ఇస్త్రీ తమ్ముడు మెల్లిగా. "బజార్లో బస్తాలు మోస్తున్నాడు."

ఓనరు గ్లాసు అందుకుని, తాగకుండా పట్టుకున్నాడు.

"ఆయన్ని పనిలోకి రమ్మని కబురు పెట్టండి," అంది కౌంటరమ్మ. "లేకపోతే నేనూ రాను."

తల్లి ఆమె కొంగు పట్టుకుని లాగింది.  అయినా కౌంటరమ్మ కూర్చోకుండా, ఓనరు ఏమంటాడా అని అతని మొహంలోకే చూస్తూ నిలబడింది.