ఎక్కడ చేయించారు?

లిఫ్టు నడిపే అతనికి ఆఫీసు జనం ముఖాలకన్నా మెడవెనుకలే ఎక్కువ పరిచయం. ఎక్కినవాళ్లు తలుపు వైపు తిరిగి నిలబడతారు. అతను వెనక స్టూలు మీద కూర్చుని వాళ్ల క్రాఫులు చూస్తుంటాడు. కుదిరిన తల కనిపిస్తే, "ఎక్కడ చేయించారు సార్?" అంటాడు. అంతస్తుల నంబర్లు కాక రోజంతా అతను ఆడే మాట అదొక్కటే. ఊరికే కాదు, అతని తలలో రెండు సుడులు. ఎవరి కత్తెర పడినా నాలుగు రోజులకే అక్కడ జుట్టు కోడిపుంజు తోకలా లేస్తుంది. తడిచేత్తో అదుముకుని బయల్దేరతాడు గానీ, ఒంటిగదిలో అద్దం ముందువైపే చూపిస్తుంది. వెనక ఎలా ఉందో చెప్పడానికి ఇంకో మనిషి లేదు.

చివరికి నాలుగో అంతస్తు గుమాస్తా చెప్పిన షాపు కుదిరింది. స్టేషను వెనక సందులో, నీలం తలుపు. అక్కడి ముసలాయన కత్తెర పట్టకముందే వేళ్లతో తల తడిమి, "రెండు సుడులు. రెండు పెళ్ళిళ్ళన్నమాట, అబ్బాయ్," అన్నాడు. "ఒక్కదానికే దిక్కు లేకపోయింది, బాబాయ్." ముసలాయన నవ్వి, సుడుల దగ్గర జుట్టు కాస్త పొడుగ్గా వదిలి, వెనక చేతి అద్దం పట్టాడు. జుట్టు బుద్ధిగా పడుకుని ఉంది. "ఇంకాసేపు పట్టుకో," అన్నాడతను. మర్నాడు గుమాస్తా చూసి, "కుదిరిందన్నా. ఇక కనపడ్డవాణ్ణల్లా అడిగే బాధ తప్పింది నీకు," అన్నాడు. తప్పింది. ఆ వారమంతా లిఫ్టు నోరు మూసుకునే ఎక్కింది, దిగింది. ఒక పొద్దున కొత్త ఉద్యోగి ఎవరో ఎక్కాడు. మెడవెనుక చూడగానే ఆ ముసలాయన చెయ్యేనని తెలిసిపోయింది. అయినా గొంతు సవరించుకుని, "ఎక్కడ చేయించారు సార్?" అన్నాడు. కొత్తాయన స్టేషను దగ్గర్నుంచి మలుపులన్నీ చెప్పి, నీలం తలుపన్నాడు. ఈలోగా లిఫ్టు ఆగింది. "ఆ తలుపు సందులో ఎడమ పక్కా, కుడి పక్కా సార్?" అని అడిగాడు లిఫ్టతను, గడియ మీద చెయ్యి వేసి, ఇంకా తీయకుండా.