తడి చీరతో వచ్చిన నర్సమ్మ

పోలీసు యాక్షన్ జరిగిన వారం. మారేడ్‌పల్లిలో ఆరేళ్ల నాకు తట్టు తగ్గినట్టే తగ్గి, ఊపిరితిత్తులకు వాపు వచ్చి ఆయాసం మొదలైంది. రోడ్లన్నీ మూసేశారు. నాన్న పక్కింటి క్రైస్తవ నర్సు రూతమ్మను పిలుచుకొచ్చాడు. గుమ్మానికి వేపమండలు కట్టిన నాయనమ్మ అడ్డం నిలబడింది.

"అమ్మవారు ఇంక ఇంట్లనే ఉంది. మైలతోని రావద్దు బిడ్డా!"

రూతమ్మ వాకిట్లోనే బిందెడు నీళ్లు నెత్తిన కుమ్మరించుకుని, తడి చీరతో లోపలికొచ్చి సూది వేసింది; వంగినప్పుడు ఆ తడి కొంగు నా ఒంటికి తగిలింది. మూడు రోజులూ అంతే. నేను లేచి కూర్చునేసరికి ఆమె జ్వరంతో పడుకుంది.

నాయనమ్మ మిరియాల కషాయం కాచి, నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. గడప బయటే ఆగి అడిగింది:

"నేను సుత నీళ్లు పోసుకొని రావాల్నా, బిడ్డా?"

ఇప్పుడు మనవలకు జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే, నాకు ముందు గుర్తొచ్చేది ఆ తడి కొంగు చల్లదనమే.